నాన్న సవరించిన గొంతు

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కాకినాడ రేవులోని సరుకుల తనిఖీ కార్యాలయంలో ఒక్కరి కన్నూ మూతపడలేదు. పప్పుచారు, పెరుగన్నం తిని కూర్చున్న మనిషికి కునుకు రాకపోవడమేమిటని పాతకాలం వాళ్లు అడుగుతారు. రాదు. కుర్చీ వీపులో చోదిని అనే యంత్రం ఉంది మరి.

ఉద్యోగంలో చేరిన రోజున మనిషిని నిద్రపుచ్చి, అతని బాల్యంలోంచి ఒకే ఒక్క సంకేతాన్ని చోదిని వెతికి పట్టుకుంటుంది. ఏది సోకితే ఆ మనిషి మారుమాట్లాడక ఒళ్లు వంచుతాడో అది. ఇక పనివేళంతా దాన్ని చెవికి పట్టనంత సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. అదేమిటో ఆ మనిషికి మాత్రం చెప్పరు. తెలిస్తే పనిచేయదట. తగలెయ్య, ఎంత తెలివి.

వేణుమాధవ్ సంకేతం వాళ్ల నాన్న గొంతు సవరింపు. లెక్కల మాస్టారు నరహరి గారు బడి నుంచి వచ్చి గుమ్మంలో గొంతు సవరించుకుంటే చాలు, గోళీలు మంచం కిందకీ చేతులు పుస్తకం మీదకీ వెళ్లేవి. నలభై దాటినా ఇప్పటికీ ఆ చేతులు అలాగే వెళుతున్నాయి. ఒకప్పుడు బద్ధకిష్టి అనిపించుకున్నవాడు ఈ ఏడు అందరికన్నా ముందున్నాడు.

ఆ వేళ అతను పర్యవేక్షకురాలు కాదంబరి గదికి వెళ్లాడు.

“మేడమ్, ఇంట్లో నాన్నగారు పిలిస్తే నాకు వినపడట్లేదండి. పక్షవాతం వచ్చి మాట పోయింది కదండి. గొంతు సవరిస్తేనే ఆయనకేదో కావాలని తెలిసేది. మా ఆవిడకి వంటింట్లోకి వినపడుతోంది, పక్కనున్న నాకు వినపడట్లేదు. ఈ చోదిని వల్లేమోనని...”

కాదంబరి తన తెర మీద అతని సంకేతం చూసింది. చెప్పేద్దామనే నోరు తెరిచింది. కానీ ఆమె కుర్చీలోనూ చోదిని ఉంది. అదేం వినిపించిందో గాని, నోట్లోంచి వచ్చిన మాట వేరు.

“చెవి డాక్టరుకి చూపించుకోండి. పని బాగుంది, ఇలాగే కానివ్వండి.”

“ఆయ్, అలాగేనండి,” అని వేణుమాధవ్ వెళ్లి చూపించుకున్నాడు. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు డాక్టరు.

ఆదివారం అతని భార్య నీలవేణి మామగారికి జావ పట్టింది. “పిన్ని మనవరాలి పెళ్లికెళ్లి అక్షింతలేసి వచ్చేస్తాను. మీరు మావయ్యగారి పక్కనుంచి లేవకండి,” అని చెప్పి వెళ్లింది. వేణుమాధవ్ లేవలేదు. మంచం పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

మాస్టారి నోట్లో మిగిలిన జావ పొలమారింది. మాస్టారు గొంతు సవరించారు. కొడుకు చేయి బల్ల మీదున్న ఆఫీసు పనిపలకను అందుకుంది. మాస్టారు మళ్లీ సవరించారు, ఈసారి గట్టిగా. కొడుకు తల ఇంకా వంచాడు. ఆ పెద్దాయన పిలిచినకొద్దీ ఈ వెధవ ఒక్క తప్పు లేకుండా పలక మీది సరుకుల జాబితా సరిచూస్తూ పోయాడు. వెధవ అన్నాను గాని, వాడేం చేస్తాడు పాపం. ఆ సవరింపు వినపడకుండానే చేతుల్ని పనిలోకి దింపేలా వాడి చెవిని వాళ్లు ఎప్పుడో కొనేసుకున్నారు.

నీలవేణి తిరిగొచ్చేసరికి మాస్టారి ప్రాణం పోయింది. ఆయన చేయి కొడుకు చొక్కా వైపు చాచుకుని, అందక ఆగిపోయి ఉంది.

“పక్కనే ఉన్నాను,” అన్నాడు వేణుమాధవ్. “ఒట్టు నీలా, ఒక్కసారి కూడా పిలవలేదు.”

దినవారాలయ్యాక కాదంబరి పలకరింపుకు వచ్చింది. తన కుర్చీకి దూరంగా ఉన్నందువల్లనేమో, నిజమంతా చెప్పేసి ఏడ్చింది. వేణుమాధవ్ ఆమెను తిట్టలేదు. ఒక్కటే అడిగాడు.

“అయితే నాన్నగారి గొంతు ఇంకా అక్కడుందన్నమాట. కొంచెం పెంచి ఒక్కసారి వినిపించండి మేడమ్. ఈసారి పలుకుతానండి.”

కాదంబరి తల ఎత్తలేదు.

“మీకు మళ్లీ ఆ బాధ ఉండకూడదని, పొద్దున మా ఇంటి నుంచే, ఆ గొంతును నా చేత్తోనే చెరిపేసి వచ్చానండి,” అంది.