వెలుగుకెత్తిన కార్డు

సాయంత్రం 4.20.

బీచ్ రోడ్డులో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. మూడో అంతస్తు. సముద్రం వైపు బాల్కనీ. అందులో చక్రాల కుర్చీ. కుర్చీలో శవం.

పేరు భీమశంకరరావు. వయసు డెబ్బై రెండు. అమలాపురం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి పోర్టులో ముప్ఫై అయిదేళ్ళు ఉద్యోగం చేశాడు. ఏడాది కిందట పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. మిగిలినవి ఎడమ చెయ్యి, రెండు కళ్ళు.

ఆ ఎడమ చేతిలో పాత పోస్టుకార్డు ఒకటుంది. ఏదో విదేశీ చర్చి బొమ్మ. పొడవాటి రంగుటద్దాల కిటికీలు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కుసుమకుమారి వంగి ముఖం చూసింది. పెదవులు పగిలాయి. నుదురు కమిలిపోయింది.

"వడదెబ్బ," అన్నాడు డాక్టరు. "మూడింటికి కాస్త అటూ ఇటూగా ప్రాణం పోయింది. ఒళ్ళింకా కాలుతోంది చూడండి. మూడు నాలుగు గంటలపాటు ఎర్రటి ఎండలో ఉండుంటాడు."

"ఇంకేటుంది మేడమ్?" అన్నాడు ఎస్సై దుర్గారావు. "పనిమనిషి ఎండలో వొగ్గీసి ఎల్లిపోనాది. కేసు క్లోజ్."

దుర్గారావుకి ఏ కేసైనా టీ చల్లారేలోగా తేలిపోవాలి. తేలకపోతే తనే తేల్చేస్తాడు.

ఇంట్లో ఉన్నది ఒక్క మోహనకృష్ణ. చనిపోయినాయన తమ్ముడి కొడుకు. ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు వేసే ప్రింటింగ్ షాపు నడుపుతాడు. పెళ్ళి కాలేదు. పెద్దనాన్న దగ్గరే ఉంటున్నాడు.

"ఎప్పుడొచ్చారు?"

"నాలుగింటికండి. షాపు నుంచి నేరుగా వచ్చాను."

"మధ్యలో?"

"రాలేదండి. పొద్దున్న తొమ్మిదికి వెళ్ళినవాణ్ణి."

"వచ్చేసరికి ఎలా ఉన్నారు?"

"ఇలాగే. మొహం మీద ఫెళ్ళున ఎండ కొడుతోందండి. కుర్చీ పిడి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది." కళ్ళు తుడుచుకున్నాడు. "పెద్దనాన్నగారికి సూర్యుడంటే భక్తి. రోజూ ఏదో ఒక కార్డు ఎండకెత్తి దండం పెట్టేవారు. ఆ పనిమనిషి అలాగే వదిలేసి పోయింది."

దుర్గారావు ప్రతి మాటా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. రాసుకోవడంలో అతనికి వంక పెట్టలేం. చదువుకోవడమే అలవాటు లేదు.

సాయంత్రం 6.10. స్టేషన్.

పనిమనిషి సన్యాసమ్మది జాలరిపేట. ఒకప్పుడు చేపలమ్మేది. మోకాళ్ళు అరిగాక ఈ పనిలో చేరింది. ఆమె ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి. కుసుమకుమారి దుర్గారావు వైపు చూసింది. అతను ఫ్యాను వైపు చూశాడు.

"ఎన్నింటికి వెళ్ళావమ్మా?"

"పదకొండుకమ్మా. పెద్దాయన్ని నోపలికి తెచ్చి, నీళ్ళు పట్టి, ఫేనేసి ఎల్లినాను. మళ్ళీ నాలుగున్నరకి వత్తాను. రోజూ అంతే."

"బాల్కనీలో వదల్లేదు?"

"మా పెనిమిటి మీదొట్టమ్మా. ఆడు మంచంలో ఉన్నాడు. నన్ను జైల్లో ఎట్టీసినారంటే ఆడికి గంజి పోసీవోళ్ళు నేరు. అబద్దం ఎందుకాడతాను?"

"ఆ కార్డు సంగతేంటి?"

"ఆయనకి బొమ్మల కార్డులంటే పేణం. రెండు ఆల్బాలు. పొద్దెక్కీసరికి ఒకటి తీసి సూర్నారాయణమూర్తికేసి ఎత్తీవోరు. ఎత్తి నాకేసి సూసీవోరు. గొంతులో ఏటో కూత. కళ్ళమ్మట నీళ్ళు. మాట నేదు గదా పాపం, దండమెడతన్నారనుకున్నాను. నానూ పక్కన నిలబడి కళ్ళు మూసుకుని దండమెట్టీదాన్ని. నలభై రోజుల్నించీ ఇదే."

"ఎవరికైనా చెప్పావా?"

"నిన్న సిన్నబాబుకి సెప్పినాను. బొమ్మలు ఎండకెత్తి ఏడుత్తన్నారు బాబూ, డాక్టరుకి సూపించండని."

"మోహనకృష్ణ ఏమన్నాడు?"

"నవ్వినాడమ్మా."

కుసుమకుమారి కాగితం మీద ఆ ఒక్క మాట రాసి కింద గీత గీసింది.

మర్నాడు ఉదయం 10.30. భీమిలి.

ఆల్బమ్ మొదటి పేజీలో ఒక పేరుంది. తిరుమలరావు. ఒకప్పుడు ఫొటో స్టూడియో ఉండేది. భీమశంకరరావుకి ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, పాత పోస్టుకార్డులు. పోర్టుకొచ్చే ఓడల్లోని నావికుల దగ్గర అడిగి పుచ్చుకునేవాళ్ళు. జలపాతాలు, సరస్సులు, లైట్‌హౌస్‌లు ఒక ఆల్బమ్. రంగుటద్దాల కిటికీలు, గాజు దీపాలు ఇంకో ఆల్బమ్.

"మూడు నెలలైందమ్మా ఆ ఇంటికెళ్ళి," అన్నాడు ముసలాయన. "ఆడింక మనుషుల్ని గుర్తుపట్టడం నేదు, వచ్చి బాధపెట్టకండి అన్నాడా కుర్రోడు. నమ్మీసినాను."

కుసుమకుమారి శవం చేతిలోని కార్డు ఇచ్చింది. ఆయన బొమ్మ చూడలేదు. వెనక రాత చూడలేదు. తిన్నగా కిటికీ దగ్గరికెళ్ళి వెలుగుకెత్తాడు.

ముఖం పాలిపోయింది.

"ఇది దొంగ కార్డమ్మా. కలర్ జిరాక్స్."

రేకు పెట్టె తెరిచి ఒక కార్డు తీశాడు. అదే చర్చి. "ఒకే ఓడ మనిషి మా ఇద్దరికీ చెరోటి ఇచ్చినాడు. సూడండి," అని ఎత్తాడు.

కిటికీలు వెలిగాయి. ఎరుపు, నీలం, పసుపు. చర్చి లోపల నిజంగా దీపాలు పెట్టినట్టే ఉంది.

"హోల్డ్ టు లైట్ కార్డులంటారు. రెండు అట్టల మధ్య రంగు కాయితం. పై అట్టలో కిటికీలు కత్తిరిస్తారు. మామూలుగా ఉత్త బొమ్మే. వెలుగుకెత్తితేనే ప్రాణమొస్తది. అసలో నకలో తెలియాలంటే మేం ముందు చేసే పని ఇదే."

జీపులోంచి ఆల్బమ్‌లు తెప్పించారు. జలపాతాలు, సరస్సులు అన్నీ అసలువే. రెండో ఆల్బమ్‌లోని అద్దాల కార్డులు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు తిరుమలరావు. ఒక్కటీ వెలగలేదు. చివరి కార్డు కింద పెట్టేశాడు.

"ఆడికి తెలిసిపోయుంటదమ్మా," అన్నాడు. "నోరు నేక సచ్చిపోనాడు."

కుసుమకుమారి ఆల్బమ్ మూసింది. ఆయన పెట్టెలోని అసలు చర్చి కార్డు తనకిమ్మని అడిగి తీసుకుంది.

మధ్యాహ్నం 2.30. అదే బాల్కనీ.

మోహనకృష్ణ, తిరుమలరావు, సన్యాసమ్మ, దుర్గారావు. మధ్యలో ఖాళీ చక్రాల కుర్చీ.

"కూర్చో," అంది కుసుమకుమారి.

మోహనకృష్ణ నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. కూర్చున్నాడు.

"ఎండ తగులుతోందా?"

"అంటే..."

"తగులుతోందా, లేదా?"

"లేదండి."

"దుర్గారావుగారూ, ఇతని స్టేట్‌మెంట్ చదవండి."

దుర్గారావు చదివాడు. "నాలుగింటికి... మొహం మీద ఫెళ్ళున ఎండ..." గొంతు తగ్గింది. తలెత్తి ఆకాశం చూశాడు. మళ్ళీ నోట్‌బుక్ చూశాడు.

"ఇది తూర్పు బాల్కనీ," అంది కుసుమకుమారి. "పన్నెండు కొట్టేసరికి సూర్యుడు బిల్డింగ్ వెనక్కి పోతాడు. తర్వాత ఇక్కడ ఎండ పొడ కూడా పడదు. మధ్యాహ్నాలు షాపులో ఉండేవాడివి, నీకు తెలీదు. నిన్న కంగారులో ఇక్కడున్న నీడ కూడా చూసుకోలేదు. సన్యాసమ్మ ఆయన్ని ఇక్కడే వదిలేసి వెళ్ళినా వడదెబ్బ తగిలే వీల్లేదు. మరి ఎండ ఎక్కడిది?"

కుసుమకుమారి కుర్చీ చక్రం మీద వేలు పెట్టింది.

"కుర్చీ టైర్ల గాడుల్లో సున్నం ఉంది. చల్లగా ఉండాలని సోమవారం టెర్రస్‌కి సున్నం కొట్టించారు. టెర్రస్ తాళం అసోసియేషన్ సెక్రటరీ దగ్గరుంటుంది. సెక్రటరీ ఎవరు?"

మోహనకృష్ణ లేవబోయాడు. దుర్గారావు భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. ఈసారి సరైన మనిషి మీద పడింది ఆ చెయ్యి.

"అసలు కార్డులు విదేశాల్లో అమ్ముకున్నావు. నీ షాపులోనే నకళ్ళు తీసి ఆల్బమ్‌లో పెట్టావు. ఆయనకి తెలుసన్న సంగతి మొన్న నీకు తెలిసింది. అంతేనా?"

మోహనకృష్ణ పెదవి విరిచాడు. "మాటలేని మనిషే కదా అనుకున్నాను. కానీ చూస్తున్నాడు. వచ్చిన ప్రతివాడికీ ఎత్తి చూపిస్తాడు. ఎవడో ఒకడికి అర్థమవుతుంది."

"లిఫ్టులో పైకి ఎప్పుడు తీసుకెళ్ళావు?"

"పదకొండున్నరకి. మూడున్నరకి దింపాను."

"అరవలేదా?"

"అరవడానికేముంది? ఏదో కూత. చెయ్యి ఊపాడు." భుజాలెగరేశాడు. "కుర్చీ బ్రేకులు వేశాను."

తిరుమలరావు మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు.

"కార్డు చేతిలో ఎందుకు పెట్టావు?"

"ఎండకెత్తి చూసుకోవడమంటే సరదా కదా. తనివితీరా చూసుకో పెద్దనాన్నా అన్నాను."

"ఆ ఒక్క వెటకారం చెయ్యకపోతే మేం ఆల్బమ్ తెరిచేవాళ్ళమే కాదు," అంది కుసుమకుమారి. "ఇతన్ని తీసుకెళ్ళండి."

బేడీలు పడ్డాయి. గుమ్మం దగ్గర మోహనకృష్ణ ఆగాడు. సన్యాసమ్మ వైపు తిరిగాడు.

"నన్నంటారేంటి? ఎండకెత్తి ఏడుస్తున్నాడని వచ్చి చెప్పింది నువ్వు కాదూ? నువ్వు చెప్పకపోతే ముసలాడు ఈపాటికి ఇక్కడే ఉండేవాడు."

దుర్గారావు అతన్ని లాక్కుపోయాడు.

సన్యాసమ్మ కదల్లేదు. చెంప మీద వాపు తగ్గింది, గుర్తులు అలాగే ఉన్నాయి. ఆమె మీద కేసు లేదని, ఇంటికి వెళ్ళొచ్చని కుసుమకుమారి రెండుసార్లు చెప్పింది. ఆ మాట ఆమె చెవిన పడినట్టు లేదు.

"అయితే పెద్దాయన దండమెట్టనేదా అమ్మా?"

"లేదు."

"మరి రోజూ ఏటి సేసినారు?"

కుసుమకుమారి జేబులోంచి తిరుమలరావు ఇచ్చిన కార్డు తీసింది. సముద్రం మీది వెలుగుకెత్తింది. కిటికీలు ఎర్రగా, నీలంగా వెలిగాయి. తర్వాత నకలు కార్డు ఎత్తింది. నల్లటి అట్ట.

"ఇది చూడమన్నాడు," అంది. "దొంగతనం జరిగింది, ఎవరికైనా చెప్పమన్నాడు. ఇందులో నీ తప్పేమీ లేదు. ఆయన మాటలేనివాడు, నీకెలా తెలుస్తుంది?"

సన్యాసమ్మ రెండు కార్డుల్నీ మార్చి మార్చి చూసింది.

"నన్నే సూడమన్నారా?"

"నిన్నే."

ఆమె ఖాళీ కుర్చీ పక్కకెళ్ళి, రోజూ నిలబడే చోట నిలబడింది.

"నలభై రోజులమ్మా," అంది. "నలభై రోజులూ నాను కళ్ళు మూసుకునే ఉన్నాను."