ఏడో ఇంటి రిపోర్టు

"కాలు కదపకండి!"

అలా అరిచేశాక గానీ, ఆ కాళ్ళు ఎవరివో తలెత్తి చూడాలని అతనికి తోచలేదు. అప్పటికి అతను చెక్క నేల మీద బోర్లా పడుకుని, తనంతట తానే దొర్లుకుంటూ పోతున్న ఒక గాజు గోళీ వెంట చూపు పరిగెత్తిస్తున్నాడు. గోళీ వెళ్ళి వెళ్ళి ఒక నీలం చెప్పుకి తగిలి ఆగింది.

"చూశారా? గది అటు ఒరిగింది. ఈ ఇల్లు కొనకండి."

"ముందు మీరెవరో చెప్పండి. నేనేం కొనాలో తర్వాత చెబుదురుగాని."

"మీరు పెట్టుకున్న ఇంజనీర్నేనండీ. మొన్న ఫోన్లో మాట్లాడుకున్నాం."

ఆమె నాలుక కరుచుకుంది. అతను లేచి బట్టలు దులుపుకుంటే, దుమ్మంతా ఎగిరి ఆమె మీదే పడింది. మొదటి పరిచయం అంత సొగసుగా జరిగింది.

అది ఊరి నడిబొడ్డున ఉన్న పాత పేట. వందేళ్ళు దాటిన ఇళ్ళు, వెడల్పాటి వీధులు, ఇటూ అటూ చెట్లు. ఉన్నవాళ్ళు కదలరు, బయటివాళ్ళకి ఇల్లు ఒక పట్టాన దొరకదు. ఇంటి ముఖం మార్చడానికి వీల్లేదు. వీధి తలుపుకి రంగు మార్చాలన్నా నగర కార్యాలయం అనుమతి ఇవ్వాల్సిందే. ఏ ఇల్లైనా అమ్మకానికి వస్తే శనివారం పొద్దున అరగంట సేపు తలుపులు తెరుస్తారు. ఆ అరగంటలో ఏజెంటు పొగుడుతాడు, కొనేవాళ్ళు మురిసిపోతారు, అతను మాత్రం టార్చి పట్టుకుని అటకలూ మూలలూ వెతుకుతాడు. గోడల్లో చెమ్మ, దూలాల్లో చెద, పైకప్పులో పగుళ్ళు పట్టుకోవడం అతని వృత్తి. పన్నెండేళ్ళలో అతని రిపోర్టు తప్పని ఎవరూ అనలేదు. ఆ పేరొక్కటే అతను సంపాదించుకున్న ఆస్తి.

ఆమె ఆస్పత్రిలో మత్తు డాక్టరు. ఆపరేషన్ ముందు మనిషిని నిద్రపుచ్చి, అయ్యాక భద్రంగా లేపే మనిషి.

"నన్నొక్కదాన్ని మాత్రం ఎవరూ నిద్రపోనివ్వరు," అంది రెండో ఇంట్లో, ఆవలింత ఆపుకుంటూ. "అర్ధరాత్రి పిలిచినా పది నిమిషాల్లో ఆస్పత్రిలో ఉండాలి. అందుకే ఈ పేట."

"అంతేనా?"

"ఇంకోటుంది. నవ్వకూడదు మరి. చిన్నప్పట్నుంచీ అద్దె ఇళ్ళే. గోడకి మేకు కొట్టాలంటే ఓనరుని అడగాలి. ఎవర్నీ అడక్కుండా ఒక్క మేకు కొట్టాలని నా కోరిక."

"అయితే పేట తప్పు ఎంచుకున్నారు. ఇక్కడ గాలి పీల్చాలన్నా అర్జీ పెట్టాలి."

"లోపలి గోడలకి కూడానా?"

"లోపలికి అక్కర్లేదు."

"ఇంకేం! నాకు కావలసింది లోపలి గోడే."

అతను నవ్వలేదు. ఆ కోరిక అతని మనసులో ఎక్కడో తగిలింది.

మూడో ఇంటి నుంచి ఆమె మేనత్త కూడా రావడం మొదలుపెట్టింది. ఆమెని పెంచి పెద్ద చేసింది ఆవిడే. ముప్పై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి, ఇల్లు చూసినా క్లాసు తనిఖీ చేసినట్టే చూస్తుంది.

"ఏం టార్చి బాబూ, ఇవాళ ఏం వంక పెట్టబోతున్నావు?"

"వంక కాదండీ, స్నానాల గది గోడలో చెమ్మ ఉంది."

"నీకు పెళ్ళిచూపులకి వెళ్ళినా ఇదే అలవాటా?"

"అత్తయ్యా!" అని డాక్టరు మొహం తిప్పుకుంది. తిప్పుకున్న మొహంలో నవ్వు ఎదురుగా ఉన్న అద్దంలో అతనికి కనిపించింది. ఆ నవ్వు కనిపించిందని ఆమెకీ తెలిసింది. ఇద్దరూ చెమ్మ గోడని కాసేపు శ్రద్ధగా చూశారు.

నాలుగో ఇంటికి పైకప్పు బాగా లేదు. ఐదో ఇంటికి పునాది కుంగింది. ఆరో ఇంటి దగ్గర వాన పట్టుకుంటే ముగ్గురూ వరండాలో చిక్కుకుపోయారు. అత్తయ్య గొడుగు తెస్తానని కారు దగ్గరికి వెళ్ళి, ఎంతకీ తిరిగి రాలేదు. చూరు నీళ్ళు పడుతుంటే డాక్టరు చెయ్యి చాపి ఆడుకుంది. రాత్రంతా ఆపరేషన్ థియేటర్లో ఉండి వచ్చిందట, మాట్లాడుతూ మాట్లాడుతూ స్తంభానికి ఆనుకుని రెండు నిమిషాలు కునుకు తీసింది. ఆ రెండు నిమిషాలూ అతను ఊపిరి గట్టిగా తీసుకోలేదు.

ఆ రోజు నుంచి వారానికి ఒకే ఒక్క రోజు ఉన్నట్టు బతకడం అలవాటైంది అతనికి. ఆదివారం వస్తే మళ్ళీ శనివారానికి ఆరు రోజులుందని దిగులు, శుక్రవారం వస్తే నిద్ర పట్టేది కాదు. చెబుదామంటే నోరు పెగిలేది కాదు. నమ్మి పని అప్పజెప్పిన మనిషితో ఏమని చెబుతాడు?

అప్పుడొచ్చింది ఏడో ఇల్లు.

చిన్న ఇల్లు. ముందు గదిలో వీధి వైపు పొడవాటి కిటికీ, వెనక ఎండ పడే వంటిల్లు. అతను గోడలు తట్టి చూశాడు, అటకెక్కాడు, చెమ్మ కొలిచే మీటరు పెట్టాడు, నేల కింద టార్చి వేశాడు. పాతకాలపు పనివాళ్ళు ప్రేమగా కట్టిన ఇల్లది, ఎక్కడా వేలు పెట్టి చూపించే లోపం లేదు.

ఆమె ముందు గది గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. "ఇక్కడ కొడతాను మేకు," అంది మెల్లగా. "బాగుంది కదూ? చెప్పండి, బాగుంది కదూ?"

బాగుందంటే కొనేస్తుంది. కొనేస్తే మళ్ళీ శనివారం రాదు.

"వెనక గది నేల కింద... చెద ఉందేమోనని అనుమానం," అన్నాడు. "పలకలు ఊడదీసి చూడాలి. ఇల్లమ్మేవాళ్ళ అనుమతికి మూడు వారాలు పడుతుంది."

మూడు వారాలంటే మూడు శనివారాలు. అంతకు మించి అతనేమీ ఆలోచించలేదు. అదే మాట రిపోర్టులో రాసి సంతకం పెట్టాడు.

వెళ్ళేటప్పుడు అత్తయ్య అతన్ని ఎగాదిగా చూసింది. "ఏం బాబూ, ఇవాళ నా మొహం చూడకుండా మాట్లాడుతున్నావు?"

"అబ్బే, ఏం లేదండీ."

"హోంవర్కు చేయని పిల్లలు కూడా ఇదే అనేవాళ్ళు."

మర్నాడు సాయంత్రం డాక్టరు ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది.

"ఆ ఇంటికి ఇంకో జంట సిద్ధంగా ఉన్నారట. రేపు పొద్దున్నకల్లా తేల్చమంటున్నాడు ఏజెంటు. వదిలేస్తున్నానండీ."

"అదేంటి! అంత నచ్చింది కదా మీకు?"

"చాలా నచ్చింది. అత్తయ్యకైతే నిన్నటి నుంచీ అదే ధ్యాస. కానీ మీరు అనుమానం అన్నాక ఇంకేముంది? మీ మాట మీద ఆరు ఇళ్ళు వదులుకున్నాను, ఒక్కసారీ నష్టపోలేదు. ఇదీ అంతే."

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఇప్పుడు ఊరుకుంటే శనివారాలు మిగులుతాయి. ఆ ఇల్లు మాత్రం ఆమెకి మిగలదు.

"డాక్టరు గారూ, కొనండి. ఆ ఇంటికి చెద లేదు."

"ఇందాకటిదాకా ఉందిగా?"

"ఎప్పుడూ లేదు. నేను అబద్ధం రాశాను."

అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇల్లు దొరికితే మీరిక రారు కదా అని రాశాను. శనివారం మీరు రాకపోతే నేను... నాకు ఆ రోజొక్కటే ఉందండీ. మిమ్మల్ని చూడకుండా ఉండలేక రాశాను. ఇప్పుడే ఏజెంటుకి కూడా ఉత్తరం పంపిస్తాను, నా రిపోర్టు తప్పని."

ఆమె ఒక్కో మాటా విడదీసి పలికింది.

"నేను మత్తిచ్చేముందు పేషెంటు నా చెయ్యి పట్టుకుంటాడు. లేపుతారుగా అని అడుగుతాడు. నేను మీ రిపోర్టు అలా పట్టుకున్నాను."

ఫోన్ పెట్టేసింది.

ఆమె ఆ ఇల్లు కొని అందులో చేరిందని ఏజెంటు ద్వారా తెలిసింది. సంతోషించాడు. సంతోషించి, ఆ రాత్రి అన్నం తినలేకపోయాడు.

తర్వాత ఎనిమిది వారాలు గడిచాయి. శనివారాలు అలాగే వచ్చేవి. అతను వేరేవాళ్ళ కోసం వేరే ఇళ్ళకి వెళ్ళేవాడు. వెనక అడుగుల చప్పుడైతే చాలు, తిరిగి చూసేవాడు. పని అవగానే కాళ్ళు అతన్ని అడక్కుండా ఆ వీధికి తీసుకుపోయేవి. గేటు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్ళను అనుకుని వెనక్కి తిరిగేవాడు. పొడవాటి కిటికీకి తెల్లటి తెరలు వేశారు. ఒకసారి లోపల సుత్తి చప్పుడు వినిపించింది. ఆ మేకు కొట్టేటప్పుడు పక్కన ఉండాల్సింది అనుకున్నాడు, కళ్ళు చెమ్మగిల్లాయి.

తొమ్మిదో శనివారం పొద్దున్నుంచీ వాన. పేట చివర అమ్మకానికి వచ్చిన ఒక ఖాళీ ఇంట్లో అతను నేల పలక ఎత్తి, తల లోపలికి దూర్చి టార్చి వేసి చూస్తున్నాడు.

"ఈ ఇల్లు ఎలా ఉందండీ?"

అతను లేవబోయి, దూలానికి తల కొట్టుకున్నాడు. గుమ్మంలో డాక్టరు. గొడుగున్నా సగం తడిసిపోయింది.

"మీరా! మీకు ఇల్లుంది కదా?"

"ఉంది. కానీ శనివారం వస్తే అందులో కాలు నిలవడం లేదు."

అతను నుదురు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"కోపం పోయిందనుకోకండి," అంది ఆమె. "సగం అలాగే ఉంది. మిగతా సగం మీరు నిజం చెప్పిన ఆ ఆదివారమే పోయింది. మీరు నోరు మూసుకుని ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అది ఆలోచించే కొన్నాను ఆ ఇల్లు."

"క్షమించమని అడగడానికి వచ్చాను. చాలాసార్లు."

"తెలుసు. ఎనిమిది శనివారాలు. గేటు దాకా రావడం, వెనక్కి తిరగడం. తెర వెనక కూర్చుని చూస్తూనే ఉన్నాను."

"చూశారా? మరి ఒక్కసారైనా పిలవకపోయారా!"

"బాగుంది! తప్పు మీరు చేసి, పిలుపు నేను పిలవాలా? ఇవాళ కొడతారు తలుపు, ఇవాళ కొడతారు అని ప్రతి వారం డ్యూటీ మార్పించుకుని మరీ కూర్చున్నాను." ఆమె తడి గొడుగు ముడిచింది. "రాత్రి అత్తయ్య అంది, నువ్వు వెళ్తావా, నేను వెళ్ళి అతని చెవి పట్టుకుని తీసుకురానా అని."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను మిమ్మల్ని ప్రేమిస్తున్నానండీ. ఇందులో అనుమానం ఏమీ లేదు. సంతకం పెట్టి ఇమ్మన్నా ఇస్తాను."

"ఇక్కడ కాదు. ఇది ఎవరిదో ఇల్లు." ఆమె గొడుగు తెరిచింది. "నేను ముందు వెళ్ళి లోపల కూర్చుంటాను. మీరొచ్చి తలుపు కొట్టండి. అన్ని వారాలు ఎదురుచూశాను, ఆ చప్పుడు వినకపోతే నా మనసు ఊరుకోదు."

ఆమె వానలోకి నడిచి వెళ్ళిపోయింది. అతను పలక సరిగ్గా బిగించి, వంద అంకెలు లెక్కపెట్టుకుందామనుకుని, ఇరవై దాటకుండానే బయల్దేరాడు. గొడుగు లేదు. గేటు గడియ మీద చెయ్యి వేశాడు. ఈసారి తీశాడు. తడిసిన మెట్లు ఎక్కి, వేళ్ళు మడిచి తలుపు మీద ఒక్కసారి కొట్టాడు.

"వచ్చాడే!" అని లోపల అత్తయ్య కేక వినిపించింది.

రెండోసారి కొట్టడానికి చెయ్యెత్తేలోపే తలుపు తెరుచుకుంది.