ఎవరూ కోయకూడని పూలు

"ఆగు నాన్నా! ఆ కత్తెర కింద పెట్టు!"

పెరటి గుమ్మంలోంచి వచ్చిన కేకకు నాన్న ఉలిక్కిపడ్డారు. ఆయనేమీ కొంపలు ముంచే పని చేయడం లేదు. భోజనాల బల్ల మీద పెట్టడానికి రెండు పూలు కోద్దామనుకున్నారు, అంతే.

"రెండేనే పిడుగూ!"

"ఒక్కటి కూడా వద్దు. మా క్లాసు వచ్చేదాకా ఎవరూ కోయకూడదు."

ఆ పిల్లకు బడిలో రాసుకునే పేరు వేరే ఉంది. ఇంట్లోనూ వీధిలోనూ మాత్రం పిడుగే. ఈ పిడుగు క్లాసులో కూర్చుని గొప్పలు పోయింది. "మా పెరట్లో గోడ కనపడనే కనపడదు, అంతా పూలే!" అంది. టీచర్ ఊరుకుంటారా? "అయితే నెలాఖరుకి అందరం వచ్చి చూస్తాం" అన్నారు.

ఆ మాట అన్నప్పుడు అది అబద్ధం కాదు. చలి తగ్గి ఎండ కాస్త వెచ్చబడగానే నాన్న నాటిన స్వీట్ పీ తీగ, అచ్చం బఠాణీ తీగలా, గోడంతా పాకింది. గులాబీ రంగు, ఊదా, తెలుపు పూలు గుత్తులు గుత్తులుగా విచ్చుకున్నాయి. తలుపు తీస్తే చాలు, వాసన వంటింటి దాకా వచ్చేది.

అప్పటినుంచి పిడుగు కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. బడి నుంచి రాగానే సంచీ ఓ మూల విసిరేసి గోడ దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేది. అమ్మ హాస్పిటల్లో నర్సు. డ్యూటీకి వెళుతూ, "కోటు జేబుకి ఒక్కటి గుచ్చుకుంటానే" అని బతిమాలింది. ఊహూఁ, పిడుగు కరగలేదు.

ఇంత కాపలా ఉన్నా పూలు తగ్గిపోసాగాయి.

మొదట పై వరస పలచబడింది. తరవాత మధ్యలో గోడ ఇటుకలు కనిపించాయి. ఎవరు కోస్తున్నారు? పిడుగు మట్టిలో అడుగుల గుర్తులు వెతికింది. గేటుకి దారం కట్టి చూసింది. దారం తెగలేదు, గుర్తులూ లేవు. దొంగ మామూలువాడు కాడనుకుంది. తీగ మీద అక్కడక్కడా నూగు నూగుగా ఆకుపచ్చ కాయలు వేలాడుతున్నాయి గాని, దొంగ కోసం వెతికేవాళ్ళకి కాయలతో ఏం పని?

ఆ సాయంత్రం పక్కింటి మీదుగా వస్తూ పిడుగు టక్కున ఆగిపోయింది. పక్కిల్లు దర్జీ అత్తయ్యది. ముందు గదే ఆవిడ షాపు. కుట్టుమిషను పక్కన గాజుసీసా నిండా స్వీట్ పీ పూలున్నాయి. అదే గులాబీ రంగు, అదే ఊదా!

పిడుగుకి ఒళ్ళు మండింది. సరాసరి లోపలికి వెళ్ళింది.

"అత్తయ్యా! మా పూలు మీరు కోస్తున్నారా?"

మిషను చప్పుడు ఆగింది. కొలతలివ్వడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్తయ్య మెడలో టేపు తీసి మిషను మీద పెట్టింది. ఆవిడ మొహం చిన్నబోయింది.

"రామ్మా, ఇలా రా" అని మాత్రం అంది.

పిడుగు ఆవిడ వెనకాలే పెరట్లోకి వెళ్ళి నోరు వెళ్ళబెట్టింది. అక్కడ ఇంకో తీగ ఉంది. కంచె నిండా ఎక్కడ చూసినా మొగ్గలే.

"చలికాలంలో మీ నాన్నే ఇచ్చారు ఈ గింజలు. మీరు నాటిన ప్యాకెట్లోవే" అంది అత్తయ్య.

పిడుగుకి తల కొట్టేసినట్టయింది. కానీ పిడుగు కదా, సిగ్గుపడుతూనే కళ్ళు మాత్రం తీగను వెతుకుతున్నాయి.

"అత్తయ్యా, మీ తీగకి కాయలేవీ?"

"కాయలా? నేనెప్పుడూ చూళ్ళేదే! పొద్దున్నే వచ్చి విచ్చుకున్నవన్నీ కోసుకుపోతా. మర్నాటికి మళ్ళీ పూస్తాయి. ఎందుకో నాకూ తెలీదు."

పిడుగు ఇంటికి పరిగెత్తింది. ఒక కాయ తుంచి గోటితో చీల్చింది. లోపల పచ్చటి గింజలు వరసగా కూర్చుని ఉన్నాయి.

"నోట్లో పెట్టుకోకు, అవి తినేవి కావు" అన్నారు నాన్న పక్కన కూర్చుంటూ.

"నాన్నా, తీగ పూలెందుకు పూస్తుంది?"

"నువ్వు చెప్పు."

"మనం చూడ్డానికి."

"మనం చూస్తున్నామని దానికి తెలుసంటావా?"

పిడుగు అరచేతిలోని గింజలను అటూ ఇటూ దొర్లించింది. "గింజల కోసం. గింజలు వచ్చేస్తే ఇక దానికి పూలతో పని లేదు. అత్తయ్య కోసేస్తుంది కాబట్టి పాపం అది మళ్ళీ మళ్ళీ పూస్తోంది. నేను కాపలా కాసి కాయలు కాయించాను!"

"మరి ఇప్పుడేం చేస్తావ్?"

కాయలు తుంచేయడం సులువే. పూలను కూడా కోసేయాలి, లేకపోతే అవీ కాయలవుతాయి. నెలాఖరు దగ్గర పడుతోంది. మళ్ళీ పూయకపోతే క్లాసంతా వచ్చి ఉత్త గోడను చూసి నవ్విపోతుంది. పిడుగుకి ఏడుపొచ్చినంత పనయింది. అయినా కత్తెర తీసుకుంది. మొదటి గుత్తి కోసి, ఆగకుండా మిగతావీ కోసేసింది.

మర్నాడు షాపులో జనం ఉన్నప్పుడే వెళ్ళింది. "అత్తయ్యా, నిన్న మిమ్మల్ని అనవసరంగా దొంగని చేశాను. తప్పు నాదే" అని అందరూ వినేలా చెప్పింది. అత్తయ్య పిడుగు బుగ్గ గిల్లి, ఒక పాత కత్తెరకి పదును పెట్టించి ఇచ్చింది.

క్లాసు రానే వచ్చింది. తీగకి కొత్త పూలు పూశాయి గాని, సగం గోడ ఇంకా బోసిగానే ఉంది.

"గోడ కనపడదన్నావుగా?" అంది పక్క బెంచీ పిల్ల.

"నా వల్లే ఇలా అయింది. కోయకుండా దాచిపెట్టా" అంది పిడుగు. కాయను చీల్చి గింజలు చూపించి సంగతంతా చెప్పింది. పిల్లలు తోసుకుంటూ చుట్టూ మూగారు. టీచర్ కూడా కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు.

"ఇప్పుడు తలా ఒకటి కోసుకోండి!" అంది పిడుగు.

గోలగోలగా పూలన్నీ అయిపోయాయి. పక్క బెంచీ పిల్ల మాత్రం చివరగా మిగిలిన ఊదా పువ్వు ముందు ఆగిపోయింది.

"పోనీలే, ఇది ఒక్కటైనా ఉండనీ" అంది.

పిడుగు తీగను వంచి ఆ పిల్ల చేతికి అందేలా పట్టుకుంది.

"కోసెయ్యవే! ఇది నువ్వు పట్టుకెళితేనే ఇంకోటి పూస్తుంది."