ఫిరంగిలోంచి వచ్చిన జవాబు

"బీమాసక్తీ!"

గాజు గది లోపల పాక్ గొండో గొంతు ఖంగుమంది. ఒకప్పుడు రేడియో నాటకాల్లో రాజు పాత్రలన్నీ ఆయనవే. ఇప్పుడు మా ఆటలో యుద్ధనౌక కెప్టెన్.

"నోటి నిండా పేరమ్మా తీనుక్! మీ ఆఫీసు టీ కూడా ఇంత చిక్కగా ఉంటే ఎంత బాగుండు," అన్నాడు నాతో.

అందరూ నవ్వారు. రికార్డింగ్ మీటల దగ్గర కూర్చున్న వలుయో ఒక్కడే నవ్వలేదు. నా వైపు చూశాడు. అంతే.

యోగ్యకర్తలో ఒక అద్దె ఇంట్లో మా కంపెనీ. అంతరిక్ష యుద్ధాల ఆటలు తయారుచేస్తాం. ఓడలకీ ఆయుధాలకీ పుట్టుపూర్వోత్తరాలు అల్లడం నా పని. పెద్ద చదువు లేదు నాకు, కలలు కనడం మాత్రం వచ్చు. ఆటలో రాజలి అనే యుద్ధనౌక మీది మహా ఫిరంగికి ఇలా రాశాను: దానికి మందుగుండు అక్కర్లేదు. లోపల ఒక మనిషి కూర్చోవాలి. కెప్టెన్ అతని పేరు మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుతో ఎదురుగా ఉన్న గ్రహం ఉండదు. లోపలి మనిషీ ఉండడు. అందులో మొట్టమొదట కూర్చున్నవాడు బీమాసక్తి.

అది వలుయో పాత పేరు. పాలపుంత అని అర్థం. ఆరో ఏట జ్వరంతో చావుదాకా వెళితే, పేరు బరువు పిల్లాడు మోయలేకపోతున్నాడని పెద్దలు ఎర్రజావ, తెల్లజావ పంచి పేరు మార్చేశారు. వలుయో అంటే కోలుకున్నవాడు. వదిలేసిన పేరుతో మళ్లీ ఎవరూ పిలవకూడదు. ఒక వాన సాయంత్రం ఆ పేరు నోటితో చెప్పకుండా, నా అరచేతిలో వేలితో రాసి చూపించాడు. ఎంత అందమైన పేరు! రాస్తే పిలిచినట్టు కాదుగా అనుకున్నాను. రాసినదాన్ని ఒకరు పైకి చదువుతారని తట్టలేదు.

"ఆ పేరు తీసెయ్, నూక్," అన్నాడు వలుయో మీటల దగ్గర నుంచి, నెమ్మదిగా.

"రేపు మారుస్తాలే, వలుయో."

ఈలోగా పాక్ గొండో మిగతా రెండుసార్లూ పిలిచేశాడు.

వెనక్కి తిప్పి విన్నాం. పిలుపు. బయట వాన. పిలుపు. గదిలో ఎవరిదో లవంగాల సిగరెట్టు వాసన. మూడో పిలుపు...

తరువాత, చాలా దూరం నుంచి, సన్నగా...

"వత్తున్నా..."

"ఎవర్రా ఆ బుడతడు? నాకన్నా బాగా చేశాడే!" అన్నాడు పాక్ గొండో.

ఇంట్లో పిల్లలెవరూ లేరు. వలుయో చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పొందికగా పెట్టాడు. గొడుగు తీసుకోకుండా వానలోకి నడిచి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. నేను పేరు మార్చనూ లేదు. ఆరో రోజు పొద్దున ఆట జనంలోకి వెళ్లిపోయింది. ఎక్కడో ఎవరో ఆటలో ఆ ఫిరంగి పేల్చినప్పుడల్లా మూడు పిలుపులు.

ఆ మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. వలుయోకి జ్వరం లేదు. చెయ్యి మాత్రం చల్లగా ఉంది. గది మూలలో, మోకాళ్లు ముడుచుకుని, వాకిలివైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఫిరంగి లోపలి మనిషి అచ్చం అలాగే కూర్చుంటాడు. అలా రాసింది నేనే.

"వలుయో! ఒరేయ్, తీనుక్ వచ్చిందిరా," అంది వాళ్లమ్మ దార్సి. ఆమెను నేను ఇబు అంటాను, అమ్మా అన్నట్టు.

తిరగలేదు.

"ఆరు రోజులుగా ఇంతేనమ్మా. ఇంకో పేరు పెడదామని మళ్లీ జావ కాచాను. ఏ పేరుకీ పలకడు."

పొయ్యి మీద జావ అడుగంటుతున్న వాసన. ఆమె లేవలేదు. నాకు ఏడుపు రాలేదు. భయం కూడా రాలేదు. చేతులు నావి కావన్నట్టు ఫోన్ తీసి, రికార్డింగ్‌లోని ఆ చివరి ముక్క ఒక్కటే వినిపించాను.

"వత్తున్నా..."

ఆమె ముఖం మెత్తబడింది. నవ్వింది కూడా.

"నా కొడుకే. ముందు పళ్లూడినప్పుడు అలాగే అనేవాడు..."

నవ్వు ఆగిపోయింది.

"ఎవరు పిలిచారమ్మా వాణ్ణి?"

మూలలో వలుయో లేచి నిలబడుతున్నాడు. మెల్లగా. మేమెవ్వరం పిలవలేదు. ఎక్కడో ఎవరో ఫిరంగి పేల్చి ఉంటారు.

"నేనే, ఇబు," అన్నాను. "ఆ పేరు రాసింది నేనే, పిలిపించిందీ నేనే. కానీ జవాబు... జవాబు నేను రాయలేదు."