పెట్టె మోసినావిడ

1935 వేసవి. ఏలూరులో టీచరు ట్రెయినింగు ఆఖరు రోజు. మిషన్ బడి వరండాలో అందరికీ టీ, బిస్కట్లు ఇచ్చారు. ఎండ మండిపోతున్నా ఎలిజబెత్ గంజిపెట్టిన చీర నలగకుండా బెంచీ అంచున కూర్చుంది. సోమవారం నుంచి తను టీచరు. మండవల్లి అవతల, కొల్లేటి గట్టున తాటాకు బడి. కప్పు పట్టుకోవడంలో అప్పుడే కొంచెం టీచరుతనం వచ్చేసింది.

గేటు దగ్గర వాళ్ళమ్మ దానమ్మ కనిపించింది. మోకాళ్ళ దాకా ఎత్తి కట్టిన చీర, చంకలో ఎండుచేపల బుట్ట. వాసన ఆవిడకంటే ముందే వరండా ఎక్కింది.

"ఎవరండీ ఆవిడ?" పక్కనున్న ప్రభావతి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అడిగింది.

"మా ఊరి మనిషి. నా పెట్టె మోయడానికొచ్చింది."

నోరు జారలేదు. ఆలోచించే అంది. ఆ మాట దానమ్మ వింది. ఒక్క క్షణం కూతురి ముఖంలోకి చూసి, ట్రంకుపెట్టె నెత్తికెత్తుకుంది.

"దీన్ని పడవమీద నేను తెస్తానండీ. మీరు రైల్లో రండమ్మగారూ," అంది మెల్లగా.

సిగ్గుతో ఎలిజబెత్ చెవులు కాలిపోయాయి. అయినా రేపు ఎవరూ లేనప్పుడు కాళ్ళు పట్టుకుంటే సరిపోతుందిలే అనుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఎలిజబెత్ బడిపాకలో ఒక్కతే బల్ల తుడుచుకుంటోంది. గాలి కదలడం లేదు. కొల్లేటి మీద ఒక్క పిట్ట కూడా అరవడం లేదు. ఉన్నట్టుండి నాచు కుళ్ళిన వాసన పాకంతా కమ్ముకుంది.

టప్... టప్...

వెనక్కి తిరిగింది. గుమ్మంలో దానమ్మ. నెత్తిన పెట్టె. జుట్టులోంచి, కొంగులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎక్కడ పెట్టమంటారండీ?"

"అమ్మా! ఇలా తడిసిపోయావేంటి? నన్ను అండీ అనకు. తప్పయిపోయింది... ఇక్కడ ఎవరూ లేరులే."

దానమ్మ పెట్టె దింపింది. కళ్ళు మాత్రం ఆర్పలేదు.

"అమ్మగారు నన్నెవరో అనుకుంటున్నారు. నేను మీ ఊరి మనిషినండీ."

ఎలిజబెత్ ఆ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది... మెత్తగా ఉంది... తన వేళ్ళకి బురద అంటింది.

"అమ్మాయీ!" బయటి నుంచి కేక. సంఘపెద్ద వీరాస్వామి రొప్పుతూ గట్టు దిగి వస్తున్నాడు. ఎలిజబెత్ గుమ్మం దాటి ఎదురెళ్ళింది.

"నిన్న సాయంత్రం గాలికి పడవ తిరగబడిందమ్మా. ఇప్పుడే మీ అమ్మ శవం దొరికింది. పెట్టె మాత్రం..."

ఆయన మాట ఆగిపోయింది. పెట్టె పాకలో ఉంది. చుట్టూ నీళ్ళు. దానమ్మ లేదు.

సమాధి దగ్గర ఊరందరి ముందూ, కబురు తెలిసి వచ్చిన ప్రభావతి ముందూ, "మా అమ్మ... మా అమ్మ..." అని ఎలిజబెత్ గుండెలు బాదుకుంది.

సోమవారం బడి తెరిచారు. మధ్యాహ్నం పిల్లలు ఎక్కాలు చదువుతుండగా మళ్ళీ ఆ నాచు వాసన. గుమ్మం పక్కన కూర్చున్న సువర్ణ అనే పిల్ల లేచి నిలబడింది.

"టీచరుగారూ, ఎవరో ఆవిడ వచ్చారండీ. ఒళ్ళంతా తడిసిపోయి ఉన్నారండీ."

ఎలిజబెత్‌కి గుమ్మంలో ఎండ తప్ప ఏమీ కనిపించలేదు. అయినా ఈసారి పిల్లలందరికీ వినపడేలా చెప్పింది.

"ఆవిడ మా అమ్మ. లోపలికి రమ్మను."

సువర్ణ తల బయటికి పెట్టి ఏదో అడిగింది. కాసేపు వింది. ఇటు తిరిగింది.

"కాదంటున్నారండీ."