దీపాలెట్టాక పోయే నెట్టు

ఆమదాలవలసలో రైలు దిగి, స్టేషను ఎనక మా ఈధిలోకొచ్చి, రత్తమ్మ గది ఎక్కడని అడగండి. ఎవులూ ఏలెత్తి సూపించరు. కళ్ళతోనే సూపిస్తారు. ధాన్యం యాపారం నగరేశ్వర్రావుగారి మేడ మీద, తాళమేసున్న గది అది.

రత్తమ్మంటే ఆయన మేనత్త. సిన్నప్పుడే మొగుడు పోతే పుట్టింటికొచ్చీసి, ఆ గదిలోనే ఉండి, ఆ గదిలోనే పోనాది. బతికున్నన్నాళ్ళూ ఆవిడికొకటే కోపం. సందేళ దీపాలెట్టాక ఇంట్లో ఆడోళ్ళు ఫోనట్టుకుని మాటాడితే ఒప్పేది కాదు. “ఎవులితోనే ఆ ముచ్చట్లు?” అని ఒక్క అరుపు... ఫోను వైరు పీకీసేది.

పోయినా ఆ అలవాటు మాత్రం పోలేదని మా ఈధంతా సెప్పుకుంటారు. నానూ సెప్పాను, అబద్దమెందుకు.

నవ్వకండి. నవ్వితే ఇక్కడే ఆపీస్తాను. నాను ఆ మేడ ఎదురింట్లో జాకెట్లు కుట్టుకుంటాను, పేరు అనూరాధ. ఇందులో సగానికి పైగా నాను కళ్ళారా సూసింది కాదు. ఆ ఇంటి కోడలు బిందు, నా మిషను పక్కన కూసుని సెప్పింది.

బిందుది ఇంట్లో కూసుని సేసే కంపెనీ ఉద్యోగం. కొత్తది, ఇంకా కాయం కాలేదు. పై ఆఫీసరు ఎక్కడో సముద్రాలవతల ఉంటాడు. ఆయనకి తెల్లారేసరికి మనకి దీపాలేళ. రోజూ ఆ ఏళకే వీడియో కాలు. బిందు కూసునేది ఎక్కడనుకున్నారు? రత్తమ్మ గదికి సరిగ్గా కింద!

ఒకనాడు అత్తగారు కన్యకాపరమేశ్వరి అమ్మోరి పటం దగ్గర దీపమెట్టింది. ఇటు ఆఫీసరు మాటాడతన్నాడు. మాటాడతన్న మనిషి మాటాడతన్నట్టే... ఆగిపోనాడు. నోరు తెరిచి, ఒక కన్ను సగం మూసి... కదల్డు.

“బి... బి... బి...” అన్నాది గొంతు.

తరవాత ఏటీ లేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. దీపం ఎలగడం, నెట్టు సావడం. నెట్టోళ్ళ మనిషి పగలొచ్చి వైర్లన్నీ సూసి, “లైను దివ్యంగా ఉన్నాదమ్మా” అని పోనాడు. ఉంటాది మరి, పగలు రత్తమ్మ రాదు కదా!

అత్తగారు ఊరుకోలేదు. ఆ నెట్టు డబ్బాకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. దిష్టి తీసింది. గుగ్గిలం పొగ ఎంతేసిందంటే, డబ్బా మీద లైట్లు ఎలుగుతన్నాయో లేదో ఎవులికీ కనబళ్ళేదు. బిందు మొగుడు ఆనంద్‌కుమార్ సంగతి సెప్పక్కర్లేదు. సందేళైతే మేడ మెట్ల ఏపే సూడ్డు.

మావగారు నగరేశ్వర్రావుగారు మాత్రం మీసం తిప్పాడు. “దెయ్యమా? కెమెరాలో పట్టీస్తాను!”

అప్పటికే గొడౌన్లో ధాన్యం కాపలాకని కొత్తగా కెమెరాలు పెట్టించున్నాడు. అవి సాలవని మెట్ల మీదొకటి, వరండాలో ఒకటి, నూతి దగ్గరొకటి. సివరికి కరెంటు పనోడి సేతికి తాళమిచ్చి, రత్తమ్మ గదిలో కూడా ఒకటి బిగించీమన్నాడు. ఆ పనోడు బిగించి దిగిన దిగడం నాను సూసాను. సెప్పులొదిలీసి ఎలిపోనాడు.

అంత సేసినా — కెమెరాలు పెరిగినకొద్దీ రత్తమ్మ ఇంకా రెచ్చిపోనాది! ముందు కాసేపైనా మాటాడనిచ్చేది. ఇప్పుడు “హలో” అననివ్వదు.

అప్పుడు ఆఫీసరు తేల్చీసాడు. ఇంకొక్కసారి కాలు తెగితే నువ్వు మానీసుకో, అని.

ఆ రోజు బిందు నా దగ్గరకొచ్చి ఏడిసింది. “అక్కా, ఈ ఇంట్లో అన్నీ వాళ్ళవే. నాది అని సెప్పుకోడానికి ఆ ఉద్యోగమొక్కటే ఉన్నాది.” నాను మిషనాపి మంచినీళ్ళిచ్చాను. అయినా ఏటి సెయ్యగలను, జాకెట్టు కుట్టగలను గానీ దెయ్యాన్ని కుట్టగలనా?

ఆ సాయంత్రం ఆఫీసరుకి సెలవు. కాలు లేదు. బిందు తలుపేసుకుని, ఫోన్లో నెట్టు లెక్కలు తెరిచి ఒక్కర్తీ కూసుంది. బయటనుంచి వచ్చేదెంత, మనింటినుంచి పోయేదెంత, రెండూ కనిపిస్తాయంట అందులో.

అవతల గదిలో అగ్గిపుల్ల గీసిన సప్పుడు... దీపం.

ఎంటనే గోడవతల — టక్.

పోయే లెక్క లేచింది. లేచి... లేచి... నెత్తి మీదకెళ్ళి కూసుంది. నెట్టు సచ్చింది.

గోడవతల ఎవులో నిలబడున్నారు. ఊపిరి ఇనిపిస్తన్నాది. బిందు ఒక్క ఉదుటున తలుపు లాగింది —

మావగారు! స్విచ్చి మీద ఏలెట్టుకుని.

“ఏటి మావయ్యా అది?”

“కెమెరాల స్విచ్చమ్మా. పగలు మనమే ఉంటాం కదా, కరెంటు దండగని... మీ అత్త దీపమెట్టినప్పుడు ఏస్తాను.”

“ఓపాలి ఆపండి.”

ఆపాడు. నెట్టు లేచి కూసుంది. మళ్ళీ ఎయ్యమంది. నెట్టు పడిపోనాది.

బిందు తల పట్టుకుని అక్కడే కూలబడింది. “మనింటికొచ్చే తోవ పెద్ద రోడ్డంత, మావయ్యా. మనింటినుంచి పోయే తోవ ఈ సందంత. మీ కెమెరాలన్నీ రాత్రంతా బొమ్మల్ని కెమెరా కంపెనీకి ఆ సందులోంచే పంపుతన్నాయి. నా మాట పోడానికి సోటేది? నా మాట అందకపోతే అవతలోళ్ళ జవాబేటొస్తాది?”

“అంటే... దెయ్యం కోసమని పెట్టిన కెమెరాలే...”

“దెయ్యాలండి.”

అత్తగారు మొగుడి మీద ఇంతెత్తున లేచింది. “పోయిన మనిషిని ఎన్నేసి మాటలన్నారండీ! లెంపలేసుకోండి!” ఆయన ఏసుకున్నాడు కూడా.

అయితే ధాన్యానికి కాపలా కావాలి కదా. అందుకని బిందు కెమెరాల పద్ధతి మార్చీసింది. ఎదురుగా ఏదైనా కదిలితేనే బొమ్మ పంపాలి, లేపోతే గమ్మునుండాలి.

మర్నాడు సందేళ కాలు మొదలైంది. దీపం. టక్. నెట్టు తొణకలేదు, బెదర్లేదు! ఆఫీసరు మొహం నిండా నవ్వు. “బిందూ, నీ ఉద్యోగం సంగతి...” అంతన్నాడు —

“బి... బి...”

బిందు గబగబా ఫోను సూసింది. గొడౌను, మెట్లు, నుయ్యి... కెమెరాలన్నీ నిద్దర్లో ఉన్నాయి. ఒక్కటి తప్ప.

మేడ గది.

ఆపకుండా పంపుతన్నాది.

బిందు సెయ్యూపి పిలిస్తే ఇంటిల్లిపాదీ వచ్చి ఫోను మీదకి వంగారు. ఆ గది తాళంసెవి అత్తగారి బొడ్లోనే ఉన్నాది.

“ఎలకేమో...” అన్నాడు ఆనంద్‌కుమార్.

“ఎలక ఇంతసేపు ఆడతాదేట్రా?” అన్నాడు మావగారు.

“బొమ్మ తెరిచి సూడవే” అన్నాది అత్తగారు. అని, తనే కొంగుతో కళ్ళు మూసుకుంది.

అటు ఆఫీసరు నోరు ఆగిపోతన్నాది. ఇటు ఏలి కింద ఆ బొమ్మ. ఒక్కసారి తాకితే తెరుసుకుంటాది.

బిందు తాకలేదు. పక్కనున్న ఇంకో మీట నొక్కి, ఆ కెమెరాకి నెట్టు కోసీసింది. ఆఫీసరు మళ్ళీ కదిలాడు. “...కాయం చేసేశాం. కంగ్రాట్స్” అన్నాడు.

ఆ ఉద్యోగం ఇప్పటికీ సేస్తన్నాది. అదే గదిలో, దీపాలెట్టాక, ఒక్కర్తీ. జాకెట్టు కొలతకొచ్చినప్పుడు నాను ఆగలేక అడిగీసాను.

“అయితే ఆ బొమ్మలో ఏటున్నాదే?”

“సూళ్ళేదక్కా” అన్నాది. “సూస్తే ఆ గది కింద కూసోలేను. కూసోపోతే ఉద్యోగముండదు.”