చెయ్యెత్తిన బొమ్మ

పూతలపట్టు దాటినాక పాత రోడ్డు పక్కన పాడుబడిన సత్రం ఒకటి ఉండాది. హైవే పడినాక ఆ దోవన పొయ్యేదే నలుగురైదుగురు. వాళ్ళు గూడా పట్టపగలే అటు తల తిప్పరు. ఎప్పుడో అరవోళ్ళు గోవిందా అంటా వచ్చే పెరటాసి నెలలో, అరవదేశం నించి తిరపతి కొండకు నడిచిపోతా ఉండిన పసుపుకోక ఆడమనిషిని ఆడ లారీ గుద్దేసిందంట. అప్పట్నించి చీకటి పడితే అరుగు మీద కూర్చోని చెయ్యెత్తి పిలుస్తుందంట... పలికినోడు తెల్లారి లేవడంట.

హేమచంద్రకు ఈ కథ ఉగ్గుపాలతోనే తెలుసు. తిరపతిలో బొమ్మల కాలేజీలో చదవతా ఉండాడు. మనిషి బొమ్మ పరీక్ష రెండుసార్లు తప్పినాడు. ఇంకోసారి తప్పితే సీటు పోతుంది. అయివారు దొరస్వామి చెప్పీ చెప్పీ విసిగిపోయినాడు.

"నీ మనుషులకు బరువు లేదురా. మొగం వదిలెయ్. భుజం యాడ వాలింది, చెయ్యి యాడ ఆనింది... అది సూడు."

చూసేదానికి కదలకుండా కూర్చునే మనిషి దొరకాల గదా! అమ్మను కూర్చోబెడితే పొయ్యి మీద పాలంటుంది. నాయనకు రెండు నిమిషాలకే నడుము పట్టేస్తుంది.

ఆ ఏడు పెరటాసిలో ఒక రాత్రి బస్సు దిగి ఇంటికి నడిచిపోతా ఉంటే — అరుగు మీద పసుపుకోక.

చెయ్యి మెల్లిగా లేచింది... తలదాకా. ఏదో గొణుగుడు, అరవంలోనో ఏమో. హేమచంద్ర నోరు గట్టిగా మూసుకున్నాడు. పారిపోదామనుకున్నోడు, రోడ్డుకు ఈపక్క కరెంటు స్తంభం లైటు కింద ఆగిపోయినాడు. పలికితేనే కదా ప్రాణానికి ముప్పు! గీస్తే ఏమి?

పుస్తకం తీసినాడు. పాపిష్టి చెయ్యి, ఆ రాత్రి ఎంత బాగా తిరిగిందో!

అయిదు రాత్రులు అట్లే గీసినాడు. రోడ్డు దాటలేదు, ఒక్క మాట పలకలేదు, ఇంట్లో చెప్పలేదు. ఇంత మంచి బొమ్మను ఎవురైనా చెడగొడతారేమోనని భయం వాడికి.

ఆరోనాడు అయివారు ఆ పుస్తకం చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఇదిరా బరువంటే" అన్నాడు. కాగితాలు తిప్పినాడు. మళ్ళీ మొదటి నించి తిప్పినాడు. పెన్సిలు పెట్టి కొలిచినాడు.

"మొదటి దాంట్లో చెయ్యి తల దగ్గర ఉండాది. రెండోదాంట్లో రొమ్ము దగ్గర. తర్వాత మోకాలి మీద. నాలుగోదాంట్లో అరుగు మీద..." అయివారి గొంతు తగ్గిపోయింది. "అయిదోదాంట్లో తల గూడా వాలిపోయింది. ఎవురురా ఈ మనిషి?"

హేమచంద్ర సత్రం సంగతి చెప్పినాడు.

"దయ్యానికి అలుపు ఉంటుందా రా?"

వాడు బస్టాండుకు పరుగెత్తినాడు. చీకటి పడేసరికి సత్రం చేరినాడు. మొదటిసారి రోడ్డు దాటినాడు.

వాచిన కాలికి చుట్టిన గుడ్డ. కొండకు తీసకపోతా ఉండిన కర్పూరం పొట్లం. ఖాళీ నీళ్ళ బాటిలు.

"అమ్మా..." అని పలికినాడు.

చెయ్యి నిన్న రాత్రి వాడు గీసిన చోటే ఉండాది.